ప్రేమ సానెట్ విశ్లేషణ: నడకతో మొదలుపెట్టాలా, ప్రాసతోనా, పునరుక్తితోనా?

ఇంగ్లీషు ప్రేమ సానెట్, అంటే సాధారణంగా పద్నాలుగు పాదాలుండే కవిత, ఒకటి చేతికిచ్చి దాని ఛందస్సు, ప్రాస, పునరుక్తి విశ్లేషించమంటే డిగ్రీ, ఎం.ఎ. విద్యార్థుల్లో చాలామంది మూడు సమానమైన పేరాలు రాస్తారు. మొదటి పేరాలో అయాంబిక్ పెంటామీటర్ అన్న పేరు ఉంటుంది. రెండోదాంట్లో ప్రాస కలిసే పాదాలకు ఒకే అక్షరం వచ్చేలా ఏ, బీ, బీ, ఏ అని గుర్తులు. మూడోదాంట్లో ఏ మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్క. అందులో తప్పేమీ ఉండదు. కానీ సానెట్ పేరు మార్చేసి చదివినా ఆ పేరాలు అలాగే అతుకుతాయి. అంటే ఆ కవిత గురించి ఇంకా ఏమీ చెప్పనట్టే.

నా సలహా ఏమిటంటే, మూడింటికీ సమాన వాటా ఇవ్వకండి. ఒకదాన్ని ముందు నిలబెట్టి, మిగతా రెండింటినీ దానికి సాక్ష్యంగా వాడండి. ఏది ముందుండాలో తేల్చుకోవడానికి ఒక్క ప్రశ్న చాలు: కవి తాను పెట్టుకున్న పద్ధతిని తానే ఎక్కడ తప్పాడు? ఆ తప్పడం నడకలో, అంటే ఛందస్సులో, గట్టిగా వినిపిస్తే నడకతో, ప్రాసలో కనిపిస్తే ప్రాసతో, తిరిగి తిరిగి వచ్చే మాటలో జరిగితే పునరుక్తితో మొదలుపెట్టాలి.

దీన్ని మూడు సానెట్ల మీద చూపిస్తాను. ఎలిజబెత్ బారెట్ బ్రౌనింగ్ 1850లో ప్రచురించిన 'సానెట్స్ ఫ్రమ్ ద పోర్చుగీస్'లోని 43వది, 1609లో అచ్చయిన షేక్‌స్పియర్ సానెట్లలో 116వది, ఎడ్మండ్ స్పెన్సర్ 1595 నాటి 'అమొరెట్టి'లోని 75వది. మూడూ ప్రేమ గురించినవే, మూడింటికీ పద్నాలుగేసి పాదాలే. అయినా మూడింటికీ వేరు వేరు దారులు పట్టాలి.

ముందు మన చెవి సంగతి

తెలుగు పద్యం చదువుకున్న వాళ్లకు ఇక్కడ ఒక లాభం, ఒక ఇబ్బంది ఉన్నాయి. గణవిభజన అంటే భయం ఉండదు. పాదాన్ని ముక్కలు చేసి చూడటం అలవాటే. అయాంబ్ అంటే బలహీనమైన అక్షరం తర్వాత బలమైన అక్షరం అనగానే మన వ గణం, అంటే లఘువు తర్వాత గురువు, గుర్తొస్తుంది. అలాంటివి ఐదు వస్తే పెంటామీటర్. ఇంతవరకు బాగానే ఉంది.

ఇబ్బంది ఎక్కడంటే, మన గురులఘువులు పలకడానికి పట్టే కాలాన్ని బట్టి వస్తాయి, ఇంగ్లీషు నడక ఊనికను, అంటే ఏ అక్షరాన్ని నొక్కి పలుకుతామన్నదాన్ని, బట్టి వస్తుంది. బారెట్ బ్రౌనింగ్ రెండో పాదం తీసుకోండి: 'ఐ లవ్ దీ టు ద డెప్త్ అండ్ బ్రెడ్త్ అండ్ హైట్'. మన లెక్కలో 'అండ్' తర్వాత 'బ్రె' అనే సంయుక్తాక్షరం ఉంది కాబట్టి ఆ 'అండ్' నిస్సందేహంగా గురువే. ఇంగ్లీషు చెవికి మాత్రం అది తేలిపోయే అక్షరం. ఊనిక పడేది లవ్, టు, డెప్త్, బ్రెడ్త్, హైట్ మీద. వాటిలో 'టు' మీద పడేది తక్కువే, పక్కనున్న 'దీ', 'ద' ల కన్నా కాస్త ఎక్కువ, అంతే. గురులఘువుల చిహ్నాలు పెట్టుకుంటూ పోతే ఈ పాదం అడ్డదిడ్డంగా కనిపిస్తుంది. నిజానికి అది తూచినట్టు నడిచే పాదం.

ఇంకో ఇబ్బంది మరీ లోతైనది. ఉత్పలమాలలో భ, ర, న, భ, భ, ర, వ గణాలు వరసగా రావాలి. ఒక్క గురువు తన చోటు తప్పితే గణభంగం, అది దోషం. ఈ శిక్షణతో పెరిగిన వాళ్లం ఇంగ్లీషు పద్యంలో గణం మారితే కవి సర్దుకున్నాడనుకుని దాటేస్తాం. అక్కడ అది దోషం కాదు. సమర్థుడైన కవి కావాలనే గణం మారుస్తాడు, ఆ మార్పులోనే అర్థం పెడతాడు. మనం వెతకాల్సింది సరిగ్గా ఆ చోటు.

ప్రాస దగ్గర కూడా చెవిని జరుపుకోవాలి. మన ప్రాస పాదంలో రెండో అక్షరం, మన యతి పాదం మధ్యలో. అంత్యప్రాస మనకు అలంకారమే గానీ నియమం కాదు. సానెట్‌లో నియమమంతా పాదం చివరే ఉంటుంది.

పునరుక్తి ముందు నడవాల్సిన కవిత: బారెట్ బ్రౌనింగ్ 43

మొదటిసారి సానెట్ విశ్లేషణ రాసేవాళ్లకు నేను దీన్నే సూచిస్తాను. 'హౌ డు ఐ లవ్ దీ? లెట్ మీ కౌంట్ ద వేస్' అని ఒక ప్రశ్న వేసుకుని, లెక్కపెడతానని మాటిచ్చి మొదలవుతుంది. ఆ తర్వాత 'ఐ లవ్ దీ' (నిన్ను ప్రేమిస్తున్నాను) రెండు, ఐదు, ఏడు, ఎనిమిది, తొమ్మిది, పదకొండు పాదాల మొదట్లో వస్తుంది. పన్నెండో పాదంలోనూ వస్తుంది గానీ మొదట్లో కాదు, మధ్యలో.

ఇక్కడ మన శతకాల మకుటం ఉపయోగపడుతుంది. 'విశ్వదాభిరామ వినురవేమ' పద్యం చివర వచ్చి చెప్పినదానికి ముద్ర వేస్తుంది. దాని ముందు విషయం ఎంత మారినా మకుటం కదలదు. బారెట్ బ్రౌనింగ్ పునరుక్తి పాదం మొదట ఉంటుంది కనుక ముగింపులా కాకుండా ప్రతిసారీ కొత్త ఆరంభంలా పనిచేస్తుంది. అందుకే చూడాల్సింది తిరిగొచ్చే మాటను కాదు, దాని వెనక ప్రతిసారీ ఏం మారుతోందన్నది. మొదట 'టు' వస్తుంది: లోతు, వెడల్పు, ఎత్తు అందినంత మేరకు, ఆ తర్వాత రోజువారీ నిశ్శబ్దపు అవసరం మేరకు. ప్రేమను కొలతలతో చెప్పే ప్రయత్నం అది. తర్వాత 'ఫ్రీలీ', 'ప్యూర్లీ' వస్తాయి. ఇప్పుడు కొలత పోయి తీరు వచ్చింది. ఆ తర్వాత 'విత్' వస్తుంది: పాత దుఃఖాల్లో ఖర్చయిన ఆవేశంతో, చిన్ననాటి విశ్వాసంతో, పోగొట్టుకున్నాననుకున్న ప్రేమతో, ఊపిరితో. విశ్వం కొలతలతో మొదలైన మనిషి చివరికి తన బతుకులోని సొంత సామగ్రి దగ్గరికి చేరింది. ఒక్క విభక్తి మార్పుతో ఇంత ప్రయాణం సాగింది. విభక్తులతో పెరిగిన తెలుగు విద్యార్థి దీన్ని ఇంగ్లీషు విద్యార్థి కన్నా ముందే పట్టుకోగలడు.

ఇక పద్ధతి తప్పే చోటు. అది రెండు మెట్లలో జరుగుతుంది. 'విత్ మై లాస్ట్ సెయింట్స్. ఐ లవ్ దీ విత్ ద బ్రెత్' అన్న పన్నెండో పాదంలో ఆ మాట తన అలవాటైన చోటు వదిలి లోపలికి జరిగింది. ముందు వాక్యం పాదం మధ్యలో ఆగిపోవడంతో ఆపుకోలేనట్టు మళ్లీ అక్కడే మొదలైంది. వెంటనే 'స్మైల్స్, టియర్స్' అని రెండు ఊనికలు పక్కపక్కన పడి నడక బరువెక్కుతుంది. చివరి పాదంలో 'ఐ షల్ బట్ లవ్ దీ బెటర్ ఆఫ్టర్ డెత్'. అప్పటిదాకా వర్తమానంలో ఉన్న వాక్యం భవిష్యత్తులోకి వెళ్లింది, 'ఐ'కీ 'లవ్'కీ మధ్య కొత్త మాటలు చేరాయి. లెక్కపెడతానన్న మాట అక్కడితో ఆగుతుంది, మరణం తర్వాతిది లెక్కకు అందదు కాబట్టి. వ్యాసం ఈ చివరి పాదం దగ్గర మొదలై వెనక్కి నడిస్తే ఇంకా బాగుంటుంది.

ప్రాస గురించి ఇక్కడ రెండు వాక్యాలు చాలు. ఏబీబీఏ ఏబీబీఏ సీడీసీడీసీడీ అనే పద్ధతి, ఇటాలియన్ కవి పెట్రార్క్ పేరు మీద పిలిచేది. 'ఫెయిత్', 'బ్రెత్', 'డెత్' లలో మొదటిది మిగతా రెండింటితో పూర్తిగా కలవదు. విశ్వాసం సడలిందని దీనికి అర్థం చెప్పే వ్యాసాలు చూశాను. నాకు అది అతిగా అనిపిస్తుంది. ఈమె ఇలాంటి సగం ప్రాసలను ఇతర కవితల్లోనూ విరివిగా వాడింది. విమర్శకులు తప్పుపట్టినా మానలేదు.

ప్రాస ముందు నడవాల్సిన కవిత: స్పెన్సర్ 75

పెట్రార్క్ ఇటాలియన్‌లో రాశాడు. ఆ భాషలో మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి, మన తెలుగులాగే. ఒకే ప్రాసకు నాలుగు మాటలు వెతుక్కోవడం అక్కడ కష్టం కాదు. ఇంగ్లీషులో అది కష్టం. అందుకే షేక్‌స్పియర్ వాడిన పద్ధతిలో ప్రాసలు ఏడు, ఒక్కోదానికి రెండేసి మాటలే: ఏబీఏబీ, సీడీసీడీ, ఈఎఫ్ఈఎఫ్, జీజీ. స్పెన్సర్ మాత్రం సులువు దారి పట్టలేదు. ఏబీఏబీ, బీసీబీసీ, సీడీసీడీ, ఈఈ అని అల్లాడు. ఒక భాగంలోని ప్రాస తర్వాతి భాగంలోకి పాకుతుంది. మన ముక్తపదగ్రస్తంలో విడిచిన పదాన్నే మళ్లీ అందుకుంటాం కదా, ఇక్కడ అందుకునేది పదాన్ని కాదు, ధ్వనిని.

ఈ గుర్తులు రాసి ఊరుకుంటే ఏమీ రాదు. 75వ సానెట్‌లో ఎవరు మాట్లాడుతున్నారో దాని పక్కన పెట్టి చూడండి. మొదటి నాలుగు పాదాల్లో ప్రియుడు ఇసుకలో ప్రియురాలి పేరు రాస్తాడు, అల చెరిపేస్తుంది. మళ్లీ రాస్తాడు, మళ్లీ పోతుంది. అక్కడ ప్రాస 'అవే', 'ప్రే'. ఐదో పాదంలో ఆమె మాట్లాడటం మొదలుపెడుతుంది. ఆమె మొదటి ప్రాస 'అస్సే', తర్వాత 'డికే'. అలలు వదిలిన ధ్వనినే ఆమె అందుకుంది. నశించేదాన్ని శాశ్వతం చేయాలనుకోవడం వృథా, నేనూ ఇలాగే చెరిగిపోతాను అంటుంది. ఆమె మాటల్లో రెండో ప్రాస 'ఇమ్మోర్టలైజ్', 'లైక్‌వైజ్'.

తొమ్మిదో పాదంలో అతను జవాబిస్తాడు. అతని ప్రాస ఏది? 'డివైజ్', 'ఎటర్నైజ్'. ఆమె వృథా అని చెప్పడానికి వాడిన ధ్వనినే తీసుకుని, నా పద్యం నీ గుణాలను శాశ్వతం చేస్తుంది అని తిప్పి చెప్పాడు. ఆమె 'ఇమ్మోర్టలైజ్'కు అతని 'ఎటర్నైజ్' జవాబు. వాదమంతా ప్రాసలోనే నడిచింది. అదేమో అందమైన అల్లిక అని మాత్రమే రాసి వదిలేసే విద్యార్థికి ఈ సంభాషణ వినపడలేదన్నమాట.

తర్వాత అల్లిక తెగుతుంది. చివరి రెండు పాదాల ప్రాస 'సబ్‌డ్యూ', 'రిన్యూ' పైనున్న దేనితోనూ కలవదు. అంతవరకు 'ఐ', 'షి', 'మై', 'యువర్' అని విడివిడిగా ఉన్నవాళ్లు ఆఖరి పాదంలో 'అవర్ లవ్' దగ్గర మొదటిసారి ఒకటవుతారు. ఇద్దరి మధ్య చేతులు మారిన ధ్వనులు అయిపోయి, ఇద్దరికీ కలిపి కొత్త ధ్వని మొదలైంది. స్పెన్సర్ ఎలిజబెత్ బాయిల్‌ను 1594లో పెళ్లాడాడు, ఈ సంపుటం ఆ ప్రేమలోంచే వచ్చింది. ఆ సంగతి ఒక వాక్యంలో చెప్పవచ్చు. వ్యాసం బరువు దాని మీద వేయకండి.

పునరుక్తి ఇందులో సాక్షిగా పనికొస్తుంది. 'బట్ కేమ్ ద వేవ్స్', 'బట్ కేమ్ ద టైడ్' అని రెండో పాదం, నాలుగో పాదం ఒకే తీరుగా మొదలవుతాయి. అల రెండోసారి వచ్చినట్టు వాక్యం కూడా రెండోసారి వస్తుంది.

నడక ముందు నడవాల్సిన కవిత: షేక్‌స్పియర్ 116

మూడింటిలో ఇదే కష్టం, ఫలితం దక్కితే ఎక్కువ దక్కేదీ ఇందులోనే. మొదటి పాదం 'లెట్ మీ నాట్ టు ద మ్యారేజ్ ఆఫ్ ట్రూ మైండ్స్'. దీన్ని అయాంబిక్ అచ్చులో బలవంతంగా పెట్టి చదివితే మీ, టు, ఆఫ్ ల మీద ఊనిక పడి వాక్యం చచ్చిపోతుంది. సహజంగా చదివితే లెట్, నాట్, మ్యారేజ్‌లో మొదటి అక్షరం, ట్రూ, మైండ్స్ మీద పడుతుంది. అంటే ఆరంభంలోనే నడక కుదరలేదు. రెండో పాదంలో 'అడ్మిట్ ఇంపెడిమెంట్స్' దగ్గర వాక్యం సగంలో ఆగింది. ఇంపెడిమెంట్ అన్నది ఇంగ్లండ్ చర్చి పెళ్లి తంతులో, ఈ పెళ్లికి ఎవరికైనా అభ్యంతరం ఉందా అని అడిగేటప్పుడు వినిపించే మాట. అభ్యంతరం అనే మాట దగ్గరే పద్యం నడక ఆగడం వినండి.

మూడో పాదం: 'విచ్ ఆల్టర్స్ వెన్ ఇట్ ఆల్టరేషన్ ఫైండ్స్'. అప్పటిదాకా తడబడిన నడక ఇక్కడ ఒక్కసారిగా తూచినట్టు సాగుతుంది, బలహీనం, బలం, బలహీనం, బలం. మార్పును చూసి మారిపోయే ప్రేమ ప్రేమే కాదని చెప్పే పాదంలో గణం ఒక్కటి కూడా మారలేదు. ఈ సానెట్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదే. నడకతో వ్యాసం మొదలుపెట్టే ధైర్యం ఇచ్చేదీ ఇదే. తొమ్మిదో పాదంలో 'లవ్స్ నాట్ టైమ్స్ ఫూల్' అని నాలుగు ఏకాక్షరాలు నాలుగు దెబ్బల్లా పడతాయి. కాలాన్ని ధిక్కరించే వాక్యం అలా కాక మరోలా నడవదు.

దీన్నే పునరుక్తి దారిలోనూ చదవవచ్చు. ఊనిక పట్టుకోవడం ఇంకా అలవాటు కాని వాళ్లు అదే ఎంచుకోవడం మంచిది. 'లవ్ ఈజ్ నాట్ లవ్' అన్నది మన లాటానుప్రాసకు దగ్గరి చుట్టం. పోతన ప్రహ్లాదుడి నోట 'కమలాక్షు నర్చించు కరములు కరములు' అనిపించినప్పుడు మాట అదే, తాత్పర్యం వేరు: మొదటివి మామూలు చేతులు, రెండోవి చేతులనిపించుకోదగ్గవి. షేక్‌స్పియర్ దగ్గర కూడా మొదటి 'లవ్' పేరుకు ప్రేమ, రెండోది ఆ పేరుకు తగినది. పోతన అవునంటాడు, ఇతను కాదంటాడు. తర్వాత 'ఆల్టర్స్', 'ఆల్టరేషన్', 'రిమూవర్', 'రిమూవ్' అని ఒకే ధాతువు రూపాలు జంటలుగా వస్తాయి, దీన్ని పాలిప్టోటన్ అంటారు. వీటి చుట్టూ నాట్, నో, నెవర్, నార్ అని నిషేధాలు కవిత పొడవునా పరుచుకున్నాయి.

ప్రాసతో మాత్రం ఈ సానెట్ మొదలుపెట్టకండి. 'లవ్', 'రిమూవ్', 'కమ్', 'డూమ్', 'ప్రూవ్డ్', 'లవ్డ్' ఇవాళ్టి ఉచ్చారణలో కలవవు, దాంతో ప్రాస తప్పిందని, ప్రేమ అసంపూర్ణమని రాయాలనిపిస్తుంది. షేక్‌స్పియర్ కాలపు ఉచ్చారణలో ఈ జంటలు ఇప్పటికన్నా చాలా దగ్గరగా పలికేవి. భాష తర్వాత మారినందుకు కవికి ఉద్దేశాలు అంటగట్టకూడదు.

మరి ఏది ఎంచుకోవాలి?

సమయం తక్కువుంటే, లేదా ఇదే మొదటి వ్యాసమైతే, బారెట్ బ్రౌనింగ్ 43, పునరుక్తి. ఆధారాలన్నీ కంటికి కనిపిస్తాయి, ఉచ్చారణ మీద అనుమానాలు రావు. తెలుగు అలంకారశాస్త్రం కొంత వచ్చిన వాళ్లకు స్పెన్సర్ 75 బాగా నప్పుతుంది, పాత స్పెల్లింగుకు భయపడకపోతే. 116 మీద నడకతో రాయాలంటే మాత్రం ముందు పాదాలను పైకి చదివి వినిపించుకునే ఓపిక కావాలి.

రెండు సానెట్లను పోల్చమన్నప్పుడు చాలామంది 43ను, స్పెన్సర్ 75ను కలుపుతారు, రెండూ మరణం దాటిన ప్రేమతో ముగుస్తాయని. నేనైతే 43ను, 116ను కలుపుతాను. ఒకదాంట్లో 'ఐ లవ్ దీ' అన్న ఒప్పుకోలు తిరిగి తిరిగి వస్తుంది, రెండోదాంట్లో 'కాదు' అన్న మాట తిరిగి తిరిగి వస్తుంది. 43లో 'దీ' లేకుండా కవితే లేదు. 116లో 'దీ' అన్నది ఒక్కసారి కూడా లేదు. ప్రియుడి ముఖం చూస్తూ పలికిన పునరుక్తికీ, ప్రేమకు నిర్వచనం రాసే పునరుక్తికీ తేడా ఏమిటో చెప్పగలిగితే వ్యాసం దానంతటదే నిలబడుతుంది.

నడక గుర్తించడానికి నమ్మకమైన దారి ఒకటుంది. మనలో చాలామంది ఇంగ్లీషు ఊనికను ఇంట్లో విని నేర్చుకోలేదు. కాబట్టి ముందు ఒకటి కన్నా ఎక్కువ అక్షరాలున్న మాటలన్నీ నిఘంటువులో చూడండి. ఊనిక పడే అక్షరానికి ముందు చిన్న నిలువుగీత ఉంటుంది. ఇంపెడిమెంట్స్‌లో రెండో అక్షరం, ఆల్టరేషన్‌లో మూడోది. అవి మారవు. తర్వాత నామవాచకాలు, క్రియలు. మిగిలిన చిన్న మాటల మీద నిర్ణయం చివర. పాదం మొదటి గణం తిరగబడితే, అంటే బలమైన అక్షరమే ముందు వస్తే, దానికి పెద్ద అర్థం చెప్పకండి, ఇంగ్లీషు పద్యంలో అది అతి మామూలు. పాదం మధ్యలో తిరగబడితే మాత్రం ఆగి చూడండి. అయాంబిక్ నడక గుండె చప్పుడులా ఉంటుంది కాబట్టి ప్రేమకు సరిపోయింది అనే వాక్యం ఎక్కడ కనిపించినా కొట్టేయండి. మిల్టన్ స్వర్గభ్రష్టత గురించి రాసిన ఇతిహాసమూ అదే నడకలో ఉంది.

అన్ని సానెట్లూ పెంటామీటరే అని కూడా రాయకండి. షేక్‌స్పియర్ 145వ సానెట్‌లో పాదానికి నాలుగే గణాలు. ఫిలిప్ సిడ్నీ 1591లో అచ్చయిన 'ఆస్ట్రొఫిల్ అండ్ స్టెల్లా' మొదటి సానెట్‌లో ఆరు. షేక్‌స్పియర్ 126వదానికి పన్నెండు పాదాలే, 99వదానికి పదిహేను.

ఏ ప్రతి ముందు పెట్టుకున్నారో కూడా చూసుకోండి. 116 ఐదో పాదంలోని 'ఎవర్ ఫిక్సెడ్ మార్క్'లో 'ఫిక్సెడ్' రెండు అక్షరాలుగా పలకాలి. మంచి ప్రతుల్లో దాని 'ఈ' అక్షరం మీద చిన్న గుర్తు ఉంటుంది. ఆ గుర్తు లేని ప్రతి చూసి ఒక అక్షరంగా చదివితే పాదంలో తొమ్మిది అక్షరాలే తేలి, లేని లోపానికి అర్థం వెతుక్కోవాల్సొస్తుంది. స్పెన్సర్ రెండో పాదంలోని 'వాషెడ్', ఎనిమిదో పాదంలోని 'వైపెడ్' కూడా అంతే, రెండేసి అక్షరాలు. అలా పలికితేనే పది వస్తాయి.